పీఠభూమిపై పగడపు తోట

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములు సముద్రమునకు చాల దూరమైనవి. ఇచ్చటినుండి ఏ దిక్కునకు బయలుదేరినను సముద్రపుటొడ్డును చేరుటకు దారివెంట మూడువందల కిలోమీటర్లకు తక్కువ కాదు. నేల రాతినేల, సముద్రమట్టమునకు ఎత్తు అయిదువందల మీటర్లకు పైమాట. వేసవిలో ఎండ నలువది డిగ్రీలు దాటును. బోరు నీరు కఠినజలము. ఇట్టి చోట ఒక ఇంటి ముందుగదిలో పగడపు జీవులను, విదూషక చేపలను పెంచవలెనని కొందరు ఉత్సాహవంతులు కోరుచున్నారు. ఇది సాధ్యమా? సాధ్యమే. కాని ఇది గోడకు పటము తగిలించుకొనుట వంటిది కాదు. గాజు తొట్టిలోని ఉప్పునీటిలో రసాయన శాస్త్రము, భౌతిక శాస్త్రము, జీవశాస్త్రము మూడును ఒక్కమారుగా పనిచేయుచుండును. వానిలో ఏ ఒక్కదానిని మరచినను ఒక రాత్రిలో ప్రాణులన్నియు నశింపవచ్చును. కనుక ఆ శాస్త్ర విషయములను మొదట తెలిసికొనుట మంచిది.

కొంత చరిత్ర

గాజుపాత్రలో జలచరములను నిలుకడగా బ్రతికించు విధానమును మొదట శాస్త్రీయముగా వివరించినవాడు రాబర్టు వారింగ్టన్ అను ఆంగ్ల రసాయనవేత్త. చేపలు విడుచు బొగ్గుపులుసు వాయువును మొక్కలు గ్రహించి ప్రాణవాయువును తిరిగి ఇచ్చుననియు, చచ్చిన ఆకులను నత్తలు తినివేయుననియు, ఈ మూటికి సరితూకము కుదిరినచో నీటిని తరచుగా మార్చనక్కరలేదనియు ఆయన 1850లో ప్రకటించెను. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో మొదటి బహిరంగ మత్స్యశాల తెరువబడెను. మరుసటి సంవత్సరము ఫిలిప్ హెన్రీ గాస్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు వ్రాసిన గ్రంథమువలన ‘అక్వేరియం’ అను పేరు వ్యాప్తిలోనికి వచ్చెను. మన దేశమున 1909లో మద్రాసు సముద్రతీరమున మత్స్యశాల నెలకొనెను. అది నాటి మద్రాసు రాష్ట్రములోని తెలుగువారి రాజధానియే గదా!

చేపలు బ్రతికినను పగడపు జీవులు మాత్రము చిరకాలము వరకు తొట్లలో బ్రతుకలేదు. 1961లో జకార్తా నగరవాసియైన లీ చిన్ ఎంగ్ అను అభిరుచిగలవాడు సముద్రమునుండి తెచ్చిన సజీవమైన రాళ్లను, సూర్యకాంతిని, గాలిబుడగలను మాత్రమే ఉపయోగించి తన తొట్లలో పగడములను పెంచిన విధమును ప్రకటించెను. రాళ్లలోని సూక్ష్మజీవులే నీటిని శుద్ధిచేయునన్న సత్యము ఆ పద్ధతికి ప్రాణము. నేటి పద్ధతులన్నియు దానిపై కట్టిన మేడలే.

ప్రవాళ భిత్తిక యనగా నేమి?

పగడము రాయి కాదు, మొక్క కాదు, జంతువు. ఒక చిన్న సంచివంటి శరీరము, దానిపైన నోరు, నోటిచుట్టు స్పర్శకములు — ఇదియే పాలిప్పు. ఇట్టి పాలిప్పులు వేలకొలది ఒకచోట చేరి, తమ క్రింద సున్నపురాతిని పేర్చుకొనుచు పోవగా శతాబ్దములకు ప్రవాళ భిత్తిక ఏర్పడును. పాలిప్పు కణములలో అతి సూక్ష్మమైన శైవలములు కాపురముండును. అవి వెలుతురుతో ఆహారమును తయారుచేసి అందులో పెద్దభాగమును అతిథ్యమిచ్చిన జంతువునకు అప్పగించును. పగడములకు కాంతి, తేటనీరు ఎందుకు కావలెనో దీనివలన తెలియును.

మన దేశమున ప్రవాళ భిత్తికలు మన్నారు సింధుశాఖ, పాక్ అఖాతము, కచ్ సింధుశాఖ, లక్షద్వీపములు, అండమాన్ నికోబార్ ద్వీపములయందు కలవు. ఆంధ్రతీరమున పెద్ద భిత్తికలు లేవు. గోదావరి, కృష్ణ మొదలగు నదులు తెచ్చు ఒండ్రుమట్టి నీటిని మసకబరచును. వానకాలము తరువాత సముద్రపు ఉప్పదనము కూడ తగ్గును. పగడములకు ఈ రెండును గిట్టవు.

ముందు చట్టము, తరువాత తొట్టి

కొనుగోలుకు పూర్వమే తెలిసికొనవలసిన సంగతి ఒకటి కలదు. వన్యప్రాణి సంరక్షణ చట్టము, 1972 యొక్క మొదటి పట్టికలో 2001లో భిత్తికలను కట్టు గట్టి పగడములన్నియు, నల్లపగడములు, సముద్రపు విసనకఱ్ఱలు చేర్చబడినవి. సముద్రాశ్వములు, సముద్రదోసలు, కొన్ని రాక్షసి ఆల్చిప్పలు కూడ చట్టరక్షణ పొందినవి. వీనిని మన సముద్రములనుండి తీయుట, అమ్ముట, ఇంట ఉంచుకొనుట నేరము. సముద్రమునుండి పెకలించి తెచ్చిన ‘సజీవ శిల’ యన్నదియు పగడపు అస్థిపంజరమే కనుక దానిని తాకరాదు. విదేశపు గట్టి పగడములు సైటీస్ అను అంతర్జాతీయ ఒడంబడిక పరిధిలోనివి. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము అట్టి జీవులను ఉంచుకొనువారు నమోదు చేయించుకొనవలెను. కాబట్టి పత్రములు చూపని వర్తకునివద్ద ఏ పగడమును కొనరాదు. సందేహము కలిగినచో అటవీశాఖవారిని అడుగుట ఉత్తమము.

మరి తొట్టిలో ఏమి పెంచవలెను? సిమెంటుతోను, పింగాణితోను చేసిన కృత్రిమ శిలలు కలవు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు మండపము, విళింజము కేంద్రములలో విదూషక చేపలను గ్రుడ్లనుండి పెంచు పద్ధతులను సాధించినారు. జాతీయ మత్స్య జన్యు వనరుల సంస్థ లక్షద్వీపములలోని అగత్తి ద్వీపవాసులకు రంగురొయ్యల పెంపకమును నేర్పినది. ఇట్లు పెంపకములో పుట్టిన జీవులనే కోరి తెచ్చుకొనవలెను. సముద్రపు చేపలలో కొన్ని కొన్ని దేశములయందు సయనైడు విషము చల్లి పట్టబడుచున్నవి. అట్టివి కొన్నిదినములకే చచ్చును, అవి బ్రతికిన భిత్తికయు చచ్చును. ఒక తోటను నరికి ఇంట పూలకుండి పెట్టుకొనుట వినోదము కానేరదు.

సున్నపు ఎముకలేని బొత్తాము పాలిప్పులు, పుట్టగొడుగు పాలిప్పులు తగిన పత్రములతో లభించినచో ఆరంభకులకు అనువైనవి. బొత్తాము పాలిప్పులలో కొన్నిటియందు పాలిటాక్సిన్ అను తీవ్రమైన విషము కలదు. వానిని చేతితొడుగు లేక తాకరాదు. అవి పట్టిన రాళ్లను వేడినీటితో కడుగరాదు, ఉడికింపరాదు. ఆ ఆవిరి కూడ అపాయకరము.

తొట్టి బరువు

తొట్టి పెద్దదైన కొలది పెంచుట సులభము. నీరు ఎక్కువైనచో దాని వేడి, ఉప్పదనము నెమ్మదిగా మారును. పొరపాటును సవరించుకొనుటకు వ్యవధి యుండును. 180 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల ఎత్తు గల తొట్టిని తీసికొందము. దాని ఘనపరిమాణము 648 లీటర్లు. ఉప్పునీటి సాంద్రత 1.025 కాబట్టి నిండు తొట్టి నీటి బరువు సుమారు 664 కిలోలు. 12 మిల్లీమీటర్ల మందపు గాజు సుమారు 120 కిలోలు. రాళ్లు, బల్ల, క్రింది అరలోని చిన్న తొట్టి కలిపి లెక్కించినచో మొత్తము 900 కిలోలకు తగ్గదు. ఇంత బరువు ఒక చదరపు మీటరుకు కొంచెము మించిన స్థలముపై నిలుచును. ఇండ్ల గచ్చులను సామాన్యముగా చదరపు మీటరుకు 200 కిలోల బరువునకు లెక్కించి కట్టుదురు. కనుక తొట్టిని నేలయంతస్తులోనే ఉంచవలెను. మేడపై ఉంచదలచినచో ఇంజనీరు సలహా తప్పనిసరి.

సముద్రమును తయారుచేయుట

బాపట్ల దగ్గరి సూర్యలంక తీరమునుండి నీటిని తెచ్చుకొనరాదా? 600 లీటర్లకు ఇరువది లీటర్ల డబ్బాలు ముప్పది కావలెను. ఒడ్డునగల నీటిలో మురుగు, బురద కలిసియుండును. ఉప్పదనము ఋతువునుబట్టి మారును. కావున నీటిని ఇంటనే తయారుచేయుట మేలు.

బోరు నీటిలోని నైట్రేటు, ఫ్లోరైడు, సిలికా, సున్నపు లవణములు తొట్టికి పనికిరావు. కుళాయి నీటిలోని క్లోరిన్ జీవులకు విషము. అందుచేత నీటిని ఆర్.ఓ. యంత్రముద్వారాను, పిదప అయాన్ వినిమయ రెసిన్ ద్వారాను పంపి లవణరహితము చేయవలెను. త్రాగునీటికై ఇండ్లలో వాడు ఆర్.ఓ. యంత్రములు చాల భాగము రుచికొరకు కొన్ని లవణములను తిరిగి కలుపును. ఆ నీరు ఇందుకు చాలదు. యంత్రము విడిచిపెట్టు వ్యర్థజలమును పారబోయక గచ్చు కడుగుటకు వాడుకొనవలెను.

ఇక ఉప్పు. వంట ఉప్పు కలిపినచో సముద్రజలము కాదు. 1872 మొదలు 1876 వరకు ‘చాలెంజరు’ ఓడ ప్రపంచ సముద్రములలో సంచరించి తెచ్చిన 77 నమూనాలను విలియం డిట్మార్ విశ్లేషించి, 1884లో ఒక ముఖ్య సత్యమును ప్రకటించెను. ఉప్పదనము చోటునుబట్టి ఎక్కువ తక్కువలైనను ముఖ్య లవణముల పరస్పర నిష్పత్తి ఇంచుమించుగా మారదు. కిలో సముద్రజలములో మొత్తము లవణములు 35 గ్రాములు. అందు క్లోరైడు 19.3 గ్రాములు, సోడియము 10.8, సల్ఫేటు 2.7, మెగ్నీషియము 1.3, కాల్షియము 0.4, పొటాషియము 0.4. మిగిలిన కొద్దిపాటిలో బైకార్బొనేటు మొదలైనవి కలవు. ఈ పాళ్లలో కలిపిన సముద్రలవణ మిశ్రమములు బజారులో దొరకును. 600 లీటర్లకు సుమారు 22 కిలోలు కావలెను. ప్రత్యేకమైన పీపాలో శుద్ధజలమును పోసి, ఉప్పును కొద్దికొద్దిగా చల్లుచు, పంపుతో ఒక పగలు ఒక రాత్రి కలియబెట్టి, విశిష్ట సాంద్రత 1.025 లేక 1.026 వచ్చినదని సరిచూచుకొని తొట్టిలో పోయవలెను.

కంటికి కనబడని పనివారు

చేపల విసర్జనము, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా పుట్టును. అది చేపలకు విషము. సముద్రజలపు పి.హెచ్. 8.2 ప్రాంతము. ఇట్టి క్షారజలములో, పి.హెచ్. 7 గల నీటితో పోల్చినచో, విషరూపమైన అమ్మోనియా పాలు పది రెట్లకు పైగా ఉండును. అందుచేతనే మంచినీటి తొట్టిలో చెల్లిన నిర్లక్ష్యము ఇచ్చట చెల్లదు.

ఒకజాతి బాక్టీరియములు అమ్మోనియాను నైట్రైటుగా మార్చును. మరియొక జాతివి నైట్రైటును నైట్రేటుగా మార్చును. నైట్రేటు అంత విషము కాదు. రాళ్ల రంధ్రముల లోతట్టున, ప్రాణవాయువు చేరని చోట, వేరొకజాతి బాక్టీరియములు నైట్రేటును విడగొట్టి నత్రజని వాయువుగా గాలిలోనికి పంపును. పొలములో జరుగు నత్రజని చక్రమే ఇది. తొట్టిలో మన కన్నులముందు జరుగును.

ఈ పనివారి సంఖ్య పెరుగుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. అంతవరకు ఒక్క చేపను కూడ వేయరాదు. లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా వచ్చునట్లు ప్రయోగశాలలోని స్వచ్ఛమైన అమ్మోనియం క్లోరైడును, అనగా నవాసాగరమును, 600 లీటర్లకు 4 గ్రాములకు కొంచెము తక్కువగా వేసి, దినము విడిచి దినము పరీక్షింపవలెను. మొదట అమ్మోనియా తగ్గి నైట్రైటు హెచ్చును. పిదప నైట్రైటు తగ్గి నైట్రేటు హెచ్చును. వేసిన మోతాదు ఒక్క దినములో అమ్మోనియాగాను, నైట్రైటుగాను మిగులక మాయమైనప్పుడే తొట్టి సిద్ధమైనట్లు. ఈ అంకెలను గ్రాఫుకాగితముపై గుర్తించినచో విద్యార్థులకు చక్కని పాఠము.

వేడి, ఆవిరి

తొట్టి నీరు 25 మొదలు 27 డిగ్రీల సెంటీగ్రేడు వరకు ఉండవలెను. సముద్రములో వేసవి గరిష్ఠముకంటె ఒకటి రెండు డిగ్రీలు హెచ్చి కొన్నివారములు నిలిచినచో పగడములు తమ శైవలములను విడిచిపెట్టి తెల్లబారును. 1998, 2010, 2016 సంవత్సరములలో మన భిత్తికలు ఇట్లే తెల్లబారినవి. నాల్గవ ప్రపంచవ్యాప్త వివర్ణత జరుగుచున్నదని శాస్త్రజ్ఞులు 2024 ఏప్రిల్‌లో ప్రకటించిరి. మేడ్చల్‌లోని తొట్టికి మే నెలలో వచ్చు ఆపదయు, మన్నారు సింధుశాఖలోని పగడమునకు వచ్చు ఆపదయు ఒక్కటే.

పంపులు, దీపములు సగటున 150 వాట్లు వాడుననుకొందము. ఆ శక్తిలో దాదాపు అంతయు తుదకు నీటిలో వేడిగా మారును. ఒక దినమునకు అది ఇంచుమించు 13,000 కిలోజౌళ్లు. 600 లీటర్ల ఉప్పునీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు సుమారు 2,400 కిలోజౌళ్లు చాలును. వేడి బయటికి పోనిచో దినమునకు అయిదు డిగ్రీలకు పైగా హెచ్చును! దీనికి మన కూజాలోనే ఉపాయమున్నది. ఒక లీటరు నీరు ఆవిరియగునప్పుడు సుమారు 2,430 కిలోజౌళ్ల గుప్తోష్ణమును తీసికొనిపోవును. అనగా లీటరు ఆవిరియైన తొట్టి ఒక డిగ్రీ చల్లబడును. నీటిపై చిన్న పంకా నడిపినచో పొడిగాలిగల వేసవిలో ఈ పద్ధతి బాగుగా పనిచేయును. వానకాలపు తేమగాలిలో పనితనము తగ్గును. గదియే మిక్కిలి వేడెక్కు ఇండ్లలో శీతలీకరణ యంత్రము తప్పదు.

ఆవిరియగునది నీరు మాత్రమే, ఉప్పు కాదు. పై లెక్కనుబట్టి దినమునకు 5.3 లీటర్లు పోయినచో వారములో 37 లీటర్లు పోవును. ఉప్పదనము 35 నుండి 37 దాటును. కనుక లోటును ప్రతిదినము ఉప్పు లేని శుద్ధజలముతోనే పూరింపవలెను. ఉప్పునీరు పోయుట తప్పు.

విద్యుత్తు ఆగినప్పుడు

ఉప్పునీటిలో ప్రాణవాయువు మంచినీటిలోకంటె తక్కువగా కరగును. ఎత్తైన ప్రదేశమున గాలి ఒత్తిడి తక్కువ. మన ప్రాంతమున సముద్రతీరముకంటె సుమారు 6 శాతము తక్కువ. 27 డిగ్రీలవద్ద మన తొట్టిలోని 600 లీటర్ల నీటిలో కరగియున్న ప్రాణవాయువు అంతయు 4 గ్రాములకు మించదు. అంతే పరిమాణముగల గాలిలో 150 గ్రాముల ప్రాణవాయువు కలదు! కనుక నీటి పైభాగము కదలుచుండిననే గాలినుండి ప్రాణవాయువు లోనికి దిగును. విద్యుత్తు ఆగినచో కొన్ని గంటలలోనే చేపలు ఉక్కిరిబిక్కిరి యగును. నీటిని కదలించు పంపునైనను ఇన్వర్టరుకు కలుపవలెను. లేదా బ్యాటరీతో నడుచు గాలిపంపును సిద్ధముగా ఉంచవలెను. ఉప్పునీరు విద్యుత్తునకు మంచి వాహకము. కావున 30 మిల్లీ ఆంపియర్లకే తెగు లీకేజి రక్షణ స్విచ్చి లేక ఏ తీగను తొట్టి దరికి తేరాదు.

సున్నపు తేట

రాళ్లపై పెరుగు గులాబిరంగు సున్నపు శైవలములు, నత్తల గుల్లలు, పగడములు నీటినుండి కాల్షియమును, బైకార్బొనేటును తీసికొనును. కాల్షియము తరిగినది తెలియునంతలోపలనే బైకార్బొనేటు, అనగా నీటి క్షారత, చాల తగ్గిపోవును. ఏలయన నీటిలో దాని నిలువ స్వల్పము. దినమునకు 10 గ్రాముల సున్నపురాయి ఏర్పడినదనుకొందము. 600 లీటర్లలోని కాల్షియములో దానివలన తగ్గునది రెండు శాతముకంటె తక్కువ. క్షారతలో తగ్గునది పదమూడు శాతము. కావున వారమువారము క్షారతను కొలువవలెను. జీవులు కొద్దిగానున్న తొట్టికి నెలకు పదవవంతు నీటిని మార్చిన చాలును. ఎక్కువైనచో స్వచ్ఛమైన కాల్షియం హైడ్రాక్సైడు యొక్క సున్నపు తేటను లోటునీటితోపాటు బొట్లుబొట్లుగా రాత్రివేళ చేర్చవలెను. దాని పి.హెచ్. 12 దాటును కనుక ఒక్కసారిగా పోసిన ప్రాణులకు ముప్పు. తాంబూలపు సున్నము ఇందుకు పనికిరాదు.

చేపలను వేయుట

శామీర్‌పేట చెరువులోని రోహు చేపకును, సముద్రపు చేపకును గల భేదమును విద్యార్థులు గ్రహింపవలెను. చేప రక్తములోని ఉప్పు సముద్రపు ఉప్పులో మూడవ వంతు మాత్రమే. ముక్కలకు ఉప్పు పట్టించినచో నీరు ఊరునట్లు, సముద్రపు చేప శరీరమునుండి నీరు ఎడతెగక బయటికి పోవుచుండును. ఆ లోటును తీర్చుకొనుటకు అది ఉప్పునీటిని త్రాగి, అధిక లవణమును మొప్పలద్వారా విసర్జించును. చెరువు చేపకు ఇది తలక్రిందులు: నీరు లోనికి చొచ్చుకొనివచ్చును గనుక అది నీరు త్రాగక, విశేషముగా మూత్రమును విడుచును. అందుచేత క్రొత్త చేపను ఒక్కసారిగా తొట్టిలో వేయక, అది వచ్చిన నీటి ఉప్పదనమును కొలిచి, ఉప్పదనము సమానమైన నీటిలోనికే మార్చవలెను.

క్రొత్తగా వచ్చిన ప్రతి చేపను నాలుగు వారములకు తక్కువ గాకుండ వేరు తొట్టిలో ఉంచి గమనింపవలెను. తెల్లచుక్కల తెగులు సముద్రపు చేపలలో త్వరగా వ్యాపించును. దానికి రాగి లవణము మందేకాని, అది నత్తలను, రొయ్యలను, పాలిప్పులను చంపును. కావున చికిత్స వేరు తొట్టిలోనే జరుగవలెను.

మొదట నత్తలు, సన్న్యాసి పీతలు. రెండు వారముల పిమ్మట ఒక విదూషక చేపల జత. తరువాత నెలకొక చేప. పోట్లాడు జాతులను చివర వేయవలెను. మన తొట్టికి చిన్న చేపలు ఎనిమిదో, పదో చాలును. పాలిప్పులను కొరుకు సీతాకోక చేపలను తేరాదు. విదూషక చేపలన్నియు మొదట మగవియే. గుంపులో పెద్దది ఆడదిగా మారును. అది చచ్చినచో తరువాతి మగచేప ఆ స్థానమును పొందును. పెంపకములో పుట్టిన జతకు సముద్రపుష్పము లేకున్నను కొరత లేదు.

పాఠశాలలో

ఇంత పెద్ద తొట్టి ప్రతి పాఠశాలకు అవసరము లేదు, అందుబాటును కాదు. నూరు లీటర్ల తొట్టి, కృత్రిమ శిలలు, కొన్ని నత్తలు, ఒక విదూషక చేపల జత ఉన్నచో నత్రజని చక్రము, ద్రవాభిసరణము, గుప్తోష్ణము, క్షారత అను నాలుగు పాఠములు ఒకే బల్లపై లభించును. తొట్టి చిన్నదైనప్పుడు మార్పులు త్వరగా వచ్చును గనుక కొలతలు మరింత శ్రద్ధగా తీయవలెను. సెలవు దినములలో మేత వేయువారెవరో, లోటునీరు పోయువారెవరో ముందుగా ఏర్పాటు చేసికొనవలెను. వేసవి సెలవులలో ఆ బాధ్యతను వహించువారు లేనిచో తొట్టిని ప్రారంభింపకుండుటయే ఉచితము. ప్రారంభించిన పిదప ఒక పుస్తకమునుంచి, ప్రతి ఉదయము నీటి వేడిని, ఉప్పదనమును, పోసిన నీటి పరిమాణమును విద్యార్థులచేత వ్రాయింపవలెను. ఆరునెలల అంకెలు చేతికి వచ్చునప్పటికి, సముద్రమును ఎన్నడును చూడని బాలుడు కూడ ఒక డిగ్రీ వేడి సముద్రమునకు ఎంత భారమో తానే లెక్కకట్టి చెప్పగలడు.